పదమూడు గ్రాములు

వెల్డెగెమ్,
శుక్రవారం, 17 జూన్ 1977.

ఈ రోజు అయిన పనులు: దుప్పట్లు నాలుగు, గ్రీత్ పోటీ బట్టలు రెండు జతలు ఉతికి ఆరేశాను. కోళ్ళ గూడు కడిగాను. స్ట్రాబెర్రీ జామ్ తొమ్మిది సీసాలు అయింది, పదోది మాడింది. బంగాళాదుంపలు ఒలిచాను, ఇంకా ఉడకబెట్టలేదు. పోస్టాఫీసుకు రెండుసార్లు, ఫిర్మిన్ ఇంటికి రెండుసార్లు వెళ్ళి వచ్చాను. టెలిగ్రాంలు రెండు. చీటీలు ఏడు.

వాలేర్,

కవరు మీద ఎర్ర పెన్సిలుతో రాసింది చదివే ఉంటావు. చదవకుండా చింపి ఉంటే ఇప్పుడు చదువు: ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా సైకిలు ఎక్కకు. పూర్తయ్యాక నేను చెప్పనక్కరలేదు, నువ్వే ఎక్కవు.

ఇక్కడ నేనూ గ్రీతూ క్షేమంగా ఉన్నాం. దీని వెనకే, నువ్వూ అక్కడ క్షేమమని తలుస్తాను అని ఇన్నేళ్ళూ రాశాను. ఈసారి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు.

మౌరిట్స్ సెలవు అయిపోయింది, మళ్ళీ మీ ఓడకూ మీ క్యాంపుకూ వస్తున్నాడు. రేపు పొద్దున అతని విమానం. ఈ సాయంత్రం ఆరు గంటలకు కారులో వచ్చి ఈ ఉత్తరమూ, ఒక పొట్లమూ తీసుకెళతాడు. ఇప్పుడు నాలుగూ పది. నాకు ఏదైనా వరసలో తప్ప చెప్పడం రాదని నీకు తెలుసు. నేరుగా అసలు సంగతికి వెళితే సగంలో కలం కింద పెట్టేస్తానేమోనని భయం. కాబట్టి నువ్వు అడిగిన వాటికి జవాబులు ముందు రాస్తాను.

నా సైకిలు సంగతి అడిగావు. పోయిన శనివారం మీ తమ్ముడి షెడ్డులో రెండు తొక్కి చూశాను. మొదటిది సన్న టైర్లది, బాగా ముందుకు వంగి తొక్కాలి. చర్చి దాకా వెళ్ళి వచ్చేసరికి మెడ పట్టేసింది. దిగి మెడ రుద్దుకుంటుంటే ఫిర్మిన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"వదినా, నువ్వు వెళ్ళేది రొట్టెల కొట్టుకా, పారిస్‌కా?"

"రొట్టెల కొట్టుకే. కానీ పక్కింటి జూల్మా కంటే ముందు చేరాలి."

"అయితే నీకు కావాల్సింది తేలిక సైకిల్ కాదు, కుదిరే సైకిల్. జూల్మాని దాటడానికి తెల్లారి లేస్తే చాలు."

రెండోదే ఖాయం చేసుకున్నాను. ఇనుప ఫ్రేము. చక్రాల మధ్య దూరం ఎక్కువ, అందుకని గతుకుల్లో కుదుపు తక్కువ. టైర్లు బొటనవేలంత లావు. మడ్‌గార్డులు పట్టే ఖాళీ ఉంది. హ్యాండిలు సీటుతో సమానమైన ఎత్తులో ఉంటుంది. వెనక పెద్ద పళ్ళచక్రం వేయించాను, మిల్లు గట్టు కూర్చునే ఎక్కవచ్చు. నా కాలు పొడవు కుట్టు టేపుతో కొలిచి ఇస్తే, ఆ లెక్కతో సీటు పెట్టాడు. తూకం ఎంత అని అడిగాను. అప్పుడు మాత్రం నవ్వలేదు.

"తూకం అడక్కు వదినా. ఆ జబ్బు ఈ ఇంట్లో ఒకళ్ళకుంటే చాలు."

నిన్ను ఉద్దేశించి అన్నాడు.

గ్రీత్ చక్రాల గురించి అడిగావు. ఎల్లుండి మన ఊరి జాతర పోటీ. తొమ్మిది చుట్లు, ప్రతి చుట్టులోనూ ఒకసారి గట్టు ఎక్కాలి, దిగేటప్పుడు రాళ్ళ బాట. ఇరవై ఎనిమిది చువ్వల చక్రాలు తేలికే, కానీ వాటిని సాయంత్రం పూట నున్నటి రోడ్డు మీద జరిగే పోటీలకు ఉంచమన్నాను. రాళ్ళ మీదికి ముప్పై ఆరు చువ్వలవే. దానికి ఒప్పుకుంది. వెనక ఇరవై మూడు పళ్ళది వేయమంటే మాత్రం మండిపడింది.

"ఇరవై మూడా! అది ముసలమ్మలకమ్మా!"

"ముసలమ్మలు గట్టు ఎక్కుతారు. నువ్వు ఏడో చుట్టులో దిగి నడుస్తావు."

"నడిస్తే నా పేరు మార్చుకుంటా."

"పేరు ఉంచుకో, పళ్ళు మార్చు," అన్నాను. మార్చింది.

నీ మోకాలికి: సీటు అర అంగుళం పైకి లేపి చూడు అని రాద్దామనుకున్నాను. ఇక అక్కరలేదు.

నాలుగోదాన్ని నువ్వు ప్రశ్నగా రాయలేదు. ఆఖరి పేజీ అంచున అడ్డంగా రాశావు. "వారం రోజులుగా సైకిలు ముందు వైపు టిక్కు టిక్కుమంటోంది. హ్యాండిలు గట్టిగా లాగినప్పుడే. ఫిర్మిన్ గాడు మరలు సరిగ్గా బిగించినట్టు లేదు. సైకిళ్ళు మానేసి పందుల్ని కోసుకోమను." తేదీ జూన్ ఆరు. అది ఈ పొద్దున తొమ్మిదిన్నరకు నా చేతికి వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి చదివాను. ఆ పదో సీసా జామ్ అప్పుడే అడుగంటింది.

ఇక చెబుతాను.

కిందటి ఏడాది ఏప్రిల్‌లో నువ్వు సెలవు మీద వచ్చినప్పుడు గ్రీత్ సైకిలు తేలిక చేయడానికి ముందు పళ్ళచక్రానికీ, బ్రేకు పిడులకూ బెజ్జాలు వేశావు. నేను లేసు అల్లే అచ్చు కాగితం మీద గుర్తులు పెట్టి ఇస్తే, నువ్వు డ్రిల్లు పెట్టావు. ఊరంతా వచ్చి చూశారు. చర్చి బల్ల మీది గుడ్డలా ఉందన్నారు. తీసిన ప్రతి గ్రామూ నా వంటింటి తక్కెడలో తూచి నోటుబుక్కులో ఎక్కించాం. వెళ్ళే ముందు రోజు నువ్వు నాతో అన్నావు: "చేతులు ఆనే చోటా, కూర్చునే చోటా బెజ్జం వేయకూడదు ఇర్మా. ఎవరు ఎంత చెప్పినా."

జూలైలో గ్రీత్ టైరు వెడల్పంత తేడాతో నాలుగోదిగా వచ్చింది. ఇంటికి వచ్చి బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. గెలిచిన అమ్మాయి సైకిలు ఎనిమిదిన్నర కిలోలట. మనది తొమ్మిదీ నూట పది. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, గ్రీత్ ఆఫీసులో ఉన్నప్పుడు, నేను హ్యాండిలు విప్పి టేపు తీసి, షెడ్డులో నీ డ్రిల్లు కింద పెట్టాను. నలభై నాలుగు బెజ్జాలు. హ్యాండిలును పట్టి ఉంచే మెడ పక్క నుంచి వంపు దాకా అటు ఇరవై రెండు, ఇటు ఇరవై రెండు. అన్నీ సమాన దూరంలో. చేస్తున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది, ఆ సంగతీ రాయాలి. వెండి తీగలా చుట్టుకుంటూ పైకి వచ్చే ఆ తురుము చూస్తే ఒక పని చక్కగా వస్తోందన్న తృప్తి. మళ్ళీ టేపు చుట్టేసరికి ఏమీ తెలియలేదు. తూచితే పదమూడు గ్రాములు తగ్గింది. నోటుబుక్కులో "టేపు మార్పు" అని రాశాను. ఆ బుక్కులో నేను రాసిన మొదటి అబద్ధం అదే.

సెప్టెంబర్ నాలుగున గ్రీత్ టిక్కుమంటోందని చెప్పింది. పదమూడున హ్యాండిలు వెడల్పు ఎక్కువైందని సాకు చెప్పి మార్పించాను. మధ్యలో తొమ్మిది రోజులు అమ్మాయి దాని మీదే తొక్కింది. తీసినదాన్ని రంపంతో కోసి పారేయవలసింది. టేపు విప్పి కూడా చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది. షెడ్డులో మేకుకు తగిలించాను.

మన ఇంట్లో ఏదీ ఊరికే పోదు కదా. పోటీకి ఒక ఏడాది పనిచేసిన చైను నా సైకిలుకు వస్తుంది, అరిగిన టైరు ఫిర్మిన్ బండికి వెళుతుంది. షికారుకు ఇది చాలు అంటాం. ఫిబ్రవరి సెలవులో, నువ్వు అక్కడ తొక్కుకోవడానికి ఒక పాత ఫ్రేము పట్టుకొచ్చి, ఫిర్మిన్ మన షెడ్డులో సైకిలు కడుతూ చుట్టూ చూశాడు. మేకు మీద టేపు చుట్టి సిద్ధంగా ఉన్న హ్యాండిలు కనిపించింది. తీసి బిగించాడు.

వాలేర్, అప్పుడు నేను అక్కడే ఉన్నాను. కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు నా భుజం మీద చేయి వేసి ఫిర్మిన్‌తో అన్నావు: "మా ఆవిడ లెక్కలో ఒక్క గ్రాము తేడా ఉండదురా. నేను ఓడ మీద నిద్రపోతున్నానంటే ఆ నోటుబుక్కు వల్లే." నోరు తెరవవలసింది అప్పుడే. షికారుకే కదా, చదునైన రోడ్డే కదా అని నాకు నేను చెప్పుకుని, కప్పులు పంచాను. నాలుగు నెలలు.

పొద్దున పొయ్యి ఆర్పి నేరుగా పోస్టాఫీసుకు వెళ్ళాను. మీ ఆఫీసుకు ఫోను కలిపి ఇమ్మంటే చాలాసేపు మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆ అరబ్బు దేశంలో శుక్రవారం సెలవని అప్పుడు గుర్తొచ్చింది. టెలిగ్రాం రాశాను. "సైకిలు ఎక్కకు. ఉత్తరం వస్తోంది. ఇర్మా."

"ఏమండీ, మీ ఆయన మోకాలు మళ్ళీ పట్టేసిందా?" అని కౌంటరు అమ్మాయి అడిగింది.

"అవును," అన్నాను.

అక్కడి నుంచి ఫిర్మిన్ దగ్గరికి. ఒక చక్రం వంకర తీస్తున్నాడు. నువ్వు అంచున రాసింది చదివి వినిపించాను. ముఖం మాడ్చుకున్నాడు.

"రెండుసార్లు బిగించాను వదినా. మా అన్నకి నేనెప్పుడూ తమ్ముణ్ణే, పనివాణ్ణి కాను."

అప్పుడు చెప్పాను. అతని చేతిలోని చక్రం తిరిగి తిరిగి దానంతట అదే ఆగింది.

"ఎన్ని?"

"నలభై నాలుగు."

"ఎంత లావు?"

"ఆరు మిల్లీమీటర్లు. అటు నుంచి ఇటు దాకా."

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇనుమైతే వంగుతుంది వదినా. వంగితే మనిషి చూసి దిగుతాడు. అల్యూమినియం అలా కాదు. కొన్నాళ్ళు టిక్కు టిక్కుమంటుంది. తర్వాత అనదు."

"అనకపోతే బాగైనట్టా?"

"విరిగినట్టు."

నేను వెళ్ళబోయాను. వెనక నుంచి పిలిచాడు.

"టెలిగ్రాంలో ఎందుకో రాశావా?" రాయలేదన్నాను. "మోకాలి కోసం సతాయిస్తున్నావనుకుని జేబులో పెట్టుకుని సైకిలెక్కుతాడు. అన్న సంగతి నాకు తెలీదా! వెళ్ళు, హ్యాండిల్ విరుగుతుందని రాయి. అందరూ చదవనీ."

గుమ్మం దాటుతుంటే ఇంకో మాట కూడా అన్నాడు. "సెప్టెంబర్లో నీ కూతురు క్లబ్బు పిల్లలకి నా బిగింపు వదులని చెప్పింది. నా దగ్గరికి సైకిళ్ళు తెచ్చేవాళ్ళు ఏడుగురు. ఏడాది నుంచి ఒక్కత్తీ రాలేదు. ఆ రోజు కూడా నువ్వు పక్కనే ఉన్నావు."

ఏడాది కాదు, తొమ్మిది నెలలు. లెక్క సరిచేయబోయి ఆగాను. ఈ రోజు నేను అంతకంటే సిగ్గుపడ్డ క్షణం లేదు.

రెండో టెలిగ్రాం పంపాను. కౌంటరు అమ్మాయి పైకి చదివి, నా ముఖం చూసి, రశీదు చింపి ఇచ్చింది. రెండూ రేపు మీ ఆఫీసు తెరిచాకే అందుతాయి. ఇంటికి వచ్చి, ఫిర్మిన్‌తో ఏం చెప్పినా ఆ ఏడుగురికీ చెప్పనట్టే కదా అనిపించి, ఏడు చీటీలు రాశాను. "గ్రీత్ హ్యాండిలుకు టేపు కింద బెజ్జాలు వేసింది నేను. ఫిర్మిన్ బిగింపులో తప్పు లేదు. ఇర్మా." రెండు గంటలకు వెళితే ఫిర్మిన్ ఒక ఇనుప హ్యాండిలు పాత గోనెలో చుట్టి ఉంచాడు. చేతిలో బరువుగా తగిలింది. తక్కెడ దగ్గరికి తీసుకెళ్ళలేదు.

మూడున్నరకు మౌరిట్స్ కాఫీకి వచ్చాడు. అతనికి నేనేమీ చెప్పలేదు. కప్పులో మూడు చక్కెర బిళ్ళలు వేసుకున్నాడు. మూడు కలిపితే పదమూడు గ్రాములు ఉంటాయేమో.

"మీ ఆయన అక్కడ ఛాంపియనమ్మా, తెలుసా?" అన్నాడు.

"దేన్లో?"

"రాయలేదా? అమ్మ దొంగా! మే నెల నుంచి శుక్రవారం శుక్రవారం పందెం. క్యాంపు నుంచి రేవు రాళ్ళ కట్ట చివర దీపస్తంభం దాకా వెళ్ళి రావాలి. హాలెండు వాళ్ళు నలుగురు, మేమిద్దరం. ఎండ రాకముందే, తెల్లారి ఐదున్నరకి. ఆఖర్లో వాలేర్ లేచి నిలబడి లాగుతాడు చూడు, హ్యాండిల్ ఊడబెరుకుతాడేమో అనిపిస్తుంది!"

"ఈ రోజు కూడానా?"

"శుక్రవారమే కదా."

కట్టకు రెండు పక్కలా ఏముంటుందని అడిగాను. "రాళ్ళే. అటు రాళ్ళు, ఇటు రాళ్ళు, ఆ కింద సముద్రం," అన్నాడు. శుక్రవారం లారీలు నడవవట. విన్నవాటిలో అదొక్కటే ఊరట.

షికారు అని రాశావు నువ్వు. రోజూ ఉదయం నెమ్మదిగా దీపం దాకా అని. నిన్ను నిందించడానికి నాకు నోరు లేదు. కానీ లెక్క వేశాను. మా గంటకూ మీ గంటకూ ఒక గంట తేడా. మీ ఐదున్నర మాకు నాలుగున్నర. ఈ పొద్దున నీ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి పందెం మొదలై ఐదు గంటలు. నేను పోస్టాఫీసుకు పరిగెత్తినప్పుడూ, ఫిర్మిన్ చక్రం ఆగినప్పుడూ, జరగవలసింది జరిగిపోయి ఉంది, లేదా జరగకుండా మిగిలి ఉంది. ఏది అన్నది మాత్రం నాకు ఇంకా చేరలేదు.

ఇక్కడ కాసేపు ఆపవలసి వచ్చింది. ఐదింటికి గ్రీత్ వచ్చింది.

"ఈ పొట్లమేంటమ్మా? నాన్నకా?"

చెప్పాను. నిలబడే వింది. నాన్న గురించి అడుగుతుందనుకున్నాను. మొదట ఫిర్మిన్ గురించి అడిగింది.

"అయితే బాబాయ్ తప్పేం లేదా?"

"లేదు."

"నేను అందరికీ చెప్పానమ్మా. అందరి ముందూ. నువ్వు అక్కడే ఉన్నావు. జామ్ రొట్టెలు పంచుతున్నావు."

"ఉన్నాను."

"నాన్న పడితే?" అంది తర్వాత.

కత్తి తెచ్చి తన సైకిలు హ్యాండిలు టేపు మొత్తం కోసి చూసింది. నున్నగా ఉంది. సీటు కడ్డీ లాగి చూసింది. నా ముఖం చూడలేదు. సైకిలు నడిపించుకుంటూ ఫిర్మిన్ దగ్గరికి వెళ్ళి, అక్కడ వదిలేసి, పది నిమిషాల్లో తిరిగి వచ్చింది. ఎల్లుండి పోటీకి ముందు ప్రతి మరా బాబాయే చూస్తాడని చెప్పింది. బల్ల మీది ఏడు చీటీలు తీసుకుని, నా పాత సైకిలు ఎక్కి వెళ్ళింది.

పొట్లంలోది నువ్వు స్వయంగా బిగించుకో. ఆ పని ఎవరికీ ఇవ్వకు. మధ్య గుర్తు చూసి, రెండు చివరలూ నేల నుంచి కొలిచి, మెడ మర కొద్దికొద్దిగా తిప్పి బిగించాలని ఫిర్మిన్ చెప్పమన్నాడు. పాతది విరగకుండా నీ చేతిలో ఉంటే రంపంతో మధ్యకు కోసెయ్యి. అక్కడ మరొకరు షికారుకు చాలులే అని అడుగుతారు. ఇవ్వకు. కోసే ముందు టేపు విప్పు. నేను చూడనిది నువ్వైనా చూడు.

నువ్వు ఇది చదువుతున్నావంటే మంచం మీద ఉన్నా, కుర్చీలో ఉన్నా, చదవగలిగే స్థితిలో ఉన్నావు. కానీ నువ్వు చదివినట్టు ఇక్కడ నాకు తెలియదు. వెంటనే టెలిగ్రాం ఇవ్వు. కోపం అంతా తర్వాత ఉత్తరంలో రాయి, ఎన్ని పేజీలైనా. టెలిగ్రాంలో ఒక్క మాట చాలు: నడుస్తున్నాను.

ఇట్లు,
నీ భార్య,
ఇర్మా.

ఐదూ యాభై ఐదు. మౌరిట్స్ కారు వీధి మలుపులో ఆగింది. పోస్టాఫీసు నుంచి ఇంకా ఎవరూ రాలేదు. గ్రీత్ ఇప్పుడే గేటు తీసింది, ఏడు చీటీలూ ఎవరివి వాళ్ళ చేతికి అందించానని కిటికీలో నుంచి చెబుతోంది. ఫిర్మిన్‌కు నేను పడ్డ బాకీ తీరింది.